ఇంగ్లీషు దగ్గు

పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడినప్పుడల్లా లిఫ్టుల సూపర్వైజరును ఒక సందేహం పట్టుకునేది. ఇవాళ్టిది కాదు అది, ఏళ్ళ తరబడి మోస్తున్నది. ‘స్వామీ, నువ్వంటే భయం, నీ మీద నమ్మకం, నీకు రుణపడి ఉన్నాను’ అని తెలుగులో దండం పెట్టుకుంటే ఆ ‘అంటే’, ఆ ‘మీద’, ఆ ‘కు’ ఎవరూ పిలవకుండానే వచ్చి తమ తమ చోట్లలో కూర్చుంటాయి. అదే మాట ఇంగ్లీషులో చెప్పుకోవాల్సి వస్తే ‘అఫ్రెయిడ్’ తర్వాత ఏం రావాలి? ఆఫ్ రావాలా, ఫ్రమ్ రావాలా, విత్ రావాలా? ఇంగ్లీషులో మొక్కుకునే భక్తుడు అక్కడ తప్పు మాట పెడితే దేవుడు వరంలో కొంత కోసుకుని ఇస్తాడా, సరిదిద్దుకుని వింటాడా? సరిదిద్దుకునే వింటాడని సూపర్వైజరు నమ్మకం. మనుషుల మీద మాత్రం అతనికి అంత నమ్మకం లేదు.

ఈ తంటాకంతటికీ మూలం గవదబిళ్ళలు. బడిలో ఆ చిన్న చిన్న మాటల పాఠం చెప్పిన వారమంతా అతను బుగ్గలు వాచి ఇంట్లో పడుకున్నాడు. తిరిగి వెళ్ళేసరికి క్లాసు తర్వాతి పాఠంలో ఉంది. అడుగుదామనుకున్నాడు గానీ, అప్పటికింకా ఒక బుగ్గ కొంచెం ఉబ్బే ఉంది, అడిగితే అందరూ తిరిగి మొహం చూస్తారు. రేపడుగుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రాకుండానే బడి అయిపోయింది, చదువయిపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది, చెవుల దగ్గర తెలుపు కూడా వచ్చేసింది.

దగ్గు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో వచ్చింది. ఒక పెద్ద భవనంలో లిఫ్టు ఆగిపోతే అతను కింద గుంటలోకి దిగి, ఒళ్ళంతా దుమ్ముతో పైకి వచ్చాడు. ఎదురుగా భవనం యజమాని నిప్పులు కక్కుతున్నాడు. ఆయనకు తెలుగు రాదు. “సర్, ఐ నో యూ ఆర్ యాంగ్రీ...” దాకా వచ్చి సూపర్వైజరు కొయ్యబారిపోయాడు. యాంగ్రీ తర్వాత ఏమిటి? సరిగ్గా ఆ క్షణంలో గొంతులో దుమ్ము అడ్డుపడి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక “...అవర్ కంపెనీ” అని ముగించాడు. యజమాని కేకలు ఆపేసి మంచినీళ్ళు తెప్పించాడు. భుజం కూడా తట్టాడు.

అది దేవుడు పంపిన దగ్గేనని సూపర్వైజరు ఆ రాత్రి చేతులు జోడించాడు. ఆ తర్వాత దేవుడికి శ్రమ ఇవ్వకుండా తనే దగ్గుకోవడం మొదలుపెట్టాడు. ‘గుడ్’ తర్వాత ఊరికే గొంతు సవరించుకుంటే సరిపోయేది. ‘యాంగ్రీ’ తర్వాత రెండు పొడి దగ్గులు. ‘రెస్పాన్సిబుల్’ పెద్ద మాట గనక దానికి గుండె మీద చెయ్యి వేసుకుని, నడుం వంచి, కాస్త తీరిగ్గా దగ్గేవాడు. లిఫ్టు గుంటల దుమ్ము పాపం అని ఆఫీసువాళ్ళు జాలిపడేవారు. పాత మేనేజరు చుట్టలు కాల్చి కాల్చి తనే దగ్గుతుండేవాడు గనక ఎదుటివాడి దగ్గు ఆయనకు వినపడేదే కాదు. ఇంట్లో మాత్రం సూపర్వైజరు ఒక్కనాడూ దగ్గిన పాపాన పోలేదు. ఇంట్లో తెలుగు కదా.

ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా తీశాడు.

“ఏమండీ, ఎవరిది పెళ్ళి?” అంది భార్య.

“పెళ్ళి కాదు, కుర్చీ.”

“కుర్చీకి ఇస్త్రీ చొక్కా దేనికి?”

“కిటికీ పక్క కుర్చీ. నా దగ్గర కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే పని నేర్చుకుంటున్న పిల్లలు ముగ్గురున్నారు చూడు, ఇవాళ కొత్త మేనేజరు మేడం ముందు ఇంగ్లీషులో మాట్లాడి చూపించాలి. ఆవిడకి నచ్చితే వాళ్ళ ఉద్యోగాలు ఖాయం. నన్ను శిక్షణ కుర్చీలో కూర్చోబెడతారు. ఇక మెట్లెక్కే పని లేదు.”

మెట్ల సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిన బాధే. లిఫ్టు పాడైతేనే లిఫ్టువాణ్ణి పిలుస్తారు. పాడైన లిఫ్టులో ఎక్కడానికి లేదు. మోటారు ఉండేదేమో మేడ పైన. అందువల్ల ఊరందరినీ లిఫ్టుల్లో తిప్పిన ఆ మనిషి బతుకంతా మెట్లమీదే గడిచి, మోకాళ్ళు రెండూ తలుపు బందుల్లా కిర్రుమంటున్నాయి.

“అయితే మీకంటే నేనే గట్టిగా మొక్కుకుంటా,” అంది భార్య. “రాత్రీ పగలూ ఆ మోకాళ్ళకి నూనె రాసే చాకిరీ నాకు తప్పుతుంది.”

ఆఫీసు ఒక పాత భవనంలో కింది అంతస్తు. లోపల నాలుగు బల్లలు, గోడకు తగిలించిన లిఫ్టు గుండీల నమూనాలు, కిటికీ పక్కన ఎవరూ కూర్చోని ఆ మెత్త కుర్చీ. కొత్త మేనేజరు వచ్చి నెల కాలేదు. చాలా శుభ్రమైన మనిషి, బల్లను తనే రెండుసార్లు తుడుచుకుంటుంది. ఇంతకుముందు ఆవిడ పనిచేసిన చోట ఒక మెకానిక్కు దుమ్ము పట్టి ఊపిరితిత్తులు పాడయ్యాయట. నెలల తరబడి అతని దగ్గు వింటూ కూడా పట్టించుకోలేదన్న బాధ ఆవిడకు ఇంకా పోలేదు. ఈ సంగతి సూపర్వైజరుకు తెలియదు. తెలిసుంటే ఆ రోజు సెలవు పెట్టేవాడేమో.

ముందు కళ్ళజోడమ్మాయి లేచింది. ముగ్గురిలోనూ చురుకైన పిల్ల. ఫోను ఎత్తినట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, కస్టమరుతో జరిగిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

“మేడం, కస్టమర్ వాజ్ వెరీ యాంగ్రీ — ఖళ్ ఖళ్ — అవర్ కంపెనీ. ఐ సెడ్, వుయ్ ఆర్ సారీ — ఉహుఁ — ద డిలే. అవర్ మెకానిక్ ఈజ్ వెరీ గుడ్ — ఉహుఁ — డోర్స్.”

‘అయ్యో, ఇవాళే జలుబు చెయ్యాలా ఈ పిల్లకి!’ అనుకున్నాడు సూపర్వైజరు.

తర్వాత పొడుగబ్బాయి లేచాడు. అతని గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, దగ్గు కూడా అక్కణ్ణుంచే వచ్చింది. యాంగ్రీ తర్వాత రెండు. సారీ తర్వాత ఒకటి. సూపర్వైజరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఇక బొద్దబ్బాయి లేచి “సర్, ఐ యామ్ రెస్పాన్సిబుల్” అన్నాడో లేదో, గుండె మీద చెయ్యి వేసుకుని, నడుం వంచి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా, శ్రద్ధగా దగ్గాడు. సూపర్వైజరుకు అద్దంలో చూసుకున్నట్టయింది. ఆ చెయ్యి తనది. ఆ నడుం వంపు తనది. ఆఖర్న కళ్ళు తెరిచి ‘క్షమించాలి’ అన్నట్టు పెట్టే ఆ మొహం కూడా తనదే. తల కొట్టేసినట్టయింది అతనికి.

మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకుంది. లేచి కిటికీలన్నీ తెరిచింది.

“మీ ముగ్గురికీ ఇది ఎప్పట్నుంచి ఉంది?”

“ఏదండీ?” అన్నాడు బొద్దబ్బాయి.

“దగ్గు!”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్ళజోడమ్మాయి కొంచెం గర్వంగానే చెప్పింది. “గురువుగారి పక్కన కూర్చున్నప్పట్నుంచండీ.”

మేనేజరు మొహం తెల్లబోయింది. సూపర్వైజరు వైపు తిరిగి, కంగారులో ఇంగ్లీషులోకి దిగిపోయి, మీరు బాగానే ఉన్నారా అని అడిగింది. ఇంగ్లీషుకు ఇంగ్లీషులోనే జవాబివ్వడం అతనికి అలవాటు.

“నో ప్రాబ్లమ్ మేడం! ఐ యామ్ ఫుల్లీ ఫిట్ — ఖళ్ ఖళ్ ఖళ్ — డ్యూటీ!”

ఆవిడ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అక్కణ్ణుంచి పని ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. మేనేజరు పరుగున వెళ్ళి పెద్దాఫీసుకు ఫోను చేసింది. లిఫ్టు గుంటల్లో బ్రేకులు అరిగి రాలే దుమ్ముతో ఏదో రోగం మొదలైందని, సూపర్వైజరుతో పాటు పిల్లలు ముగ్గురికీ పాకిందని చెప్పింది. పెద్దసారు హడలిపోయి, రోగం తేలేదాకా మెకానిక్కులెవర్నీ గుంటల్లోకి దింపొద్దన్నాడు. మెకానిక్కులు పనిముట్లు ఎక్కడివక్కడ వదిలి బయటికొచ్చారు. ఎందుకొచ్చారని భవనాలవాళ్ళు అడిగితే తెలిసీ తెలియకుండా చెప్పారు. దాంతో బాగున్న లిఫ్టులు కూడా ఎక్కడానికి జనం జంకారు. ఆఫీసులోకి ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు మందు చల్లేవాళ్ళు దిగి, గోడమీది గుండీలతో సహా అన్నిటినీ తడిపేశారు. పక్కనున్న బట్టలు కుట్టే అతను, ఎవరో పెళ్ళికూతురి జాకెట్టు మిషన్లోనే వదిలేసి షాపు మూసుకుని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పడానికి సూపర్వైజరుకు రెండు మూడు అవకాశాలు వచ్చాయి. ప్రతిసారీ నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా మేనేజరు, “మీరు మాట్లాడకండి, ఆయాసం వస్తుంది,” అంది. అంత ఆదరంగా చెబుతుంటే కాదనడం మర్యాద కాదని మూసుకున్నాడు. మర్యాద ఒక్కటే కారణమని తనకు తాను చెప్పుకున్నాడు కూడా.

కంపెనీ డాక్టరు వచ్చాడు. నిదానస్తుడు. వీపుల మీద గొట్టం పెట్టి విన్నాడు, నోళ్ళలోకి దీపం వేసి చూశాడు.

“ఏదీ, ఒకసారి దగ్గండి.”

“రావట్లేదండీ,” అన్నాడు పొడుగబ్బాయి.

“మరి ఇందాక దగ్గారట?”

“అప్పుడు ఇంగ్లీషులో ఉన్నామండీ.”

డాక్టరు ఆ మాట వినిపించుకోలేదు. సూపర్వైజరు వీపు మీద తడుతూ, “ఇవి ఊపిరితిత్తులా, కొత్త టైర్లా? ఇంత గట్టి ఛాతీ ఈ వయసులో నేను చూళ్ళేదు. మెట్లు బాగా ఎక్కుతారా?” అన్నాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగి, పెద్దరికంగా ఇంగ్లీషులో, “దిస్ మ్యాన్ ఈజ్ అలర్జిక్...” అని ఆగాడు. సూపర్వైజరు ప్రాణాలన్నీ చెవుల్లోకి తెచ్చుకుని ముందుకు వంగాడు. ఎవరినీ అడక్కుండా ఒక్కటైనా తెలిసిపోతుందని ఆశ. సరిగ్గా అప్పుడే డాక్టరు ఫోను మోగింది, ఆయన బయటికి నడిచాడు.

తిరిగొచ్చి ఊరికే పలకరింపుగా, “హౌ డూ యూ ఫీల్?” అన్నాడు బొద్దబ్బాయిని.

“ఐ యామ్ వర్రీడ్ — ఖళ్ ఖళ్ — మై జాబ్, సర్.”

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ విన్నాడు. ఊపిరితిత్తులు నిశ్శబ్దంగా, నిర్మలంగా ఉన్నాయి.

“లోపల ఏమీ లేదు, బయటికి మాత్రం వస్తోంది. ఇట్లాంటిది నేను ఎక్కడా చదవలేదు,” అన్నాడు మేనేజరుతో. “తెలిసిన రోగమైతే భయం లేదమ్మా, తెలియని రోగంతోనే భయం. ఈ ముగ్గురినీ ఇప్పట్లో పనిలోకి తీసుకోకండి.”

ఆ ముగ్గురి పరీక్షా కాలం ఆ రోజుతో ఆఖరు. ఆరోగ్యం బాగుందని డాక్టరు చెప్పకపోతే ఉద్యోగాలు ఖాయం చెయ్యడానికి వీల్లేదు. ఖాయం కాకపోతే రేపట్నుంచి రానక్కరలేదు. ఇదంతా మేనేజరు చాలా మెత్తగా చెప్పింది. అంత మెత్తగా చెప్పినందుకు బొద్దబ్బాయి ఏడుపు ఆపుకోలేకపోయాడు.

వరండాలో బెంచీ మీద సూపర్వైజరు పక్కకు వచ్చి కూర్చుంది కళ్ళజోడమ్మాయి.

“గురువుగారూ, ఒక మాట. అందరూ దగ్గు దగ్గు అంటున్నారు. ఏ దగ్గండీ? మనం ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు పెడతామే, అదేనా?”

“అదేనమ్మా.”

“అది ఇంగ్లీషులో భాగం కాదాండీ?”

అతను నేలకేసి చూశాడు. మందు నీళ్ళు గడప దాటి వరండాలోకి పాకుతున్నాయి.

“మీరు పెద్ద కస్టమర్లతో మాట్లాడేటప్పుడు అక్కడక్కడ ఆగి దగ్గుతారు కదండీ. వాళ్ళు వెంటనే మెత్తబడిపోతారు. అది మర్యాద కాబోలనుకున్నాం. ముగ్గురం మా గదిలో అద్దం ముందు నిలబడి సాధన కూడా చేశాం. పోనీ, నేను వెళ్ళి మేడంకి చెప్పనా?”

“వద్దు, వద్దు. నేనే చెప్తాలే.”

“ఇప్పుడేనా?”

“కాసేపాగి.”

“సరేనండీ,” అంది ఆ పిల్ల. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏ కోపమో తెచ్చుకుని గట్టెక్కేవాడు. ఆ నమ్మకంతోనే అతనికి చచ్చే చావయింది. దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాడు. ఏమని తలుచుకోవాలి? తనను కాపాడమనా, ఆ పిల్లల్ని కాపాడమనా? రెండూ ఒకేసారి కుదిరే దారి కనిపించలేదు. ఈ మధ్య దేవుడికి తను పెట్టే కోరికలన్నీ ఇంచుమించు ఇట్లాంటివేనేమోనని అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది.

ఈలోగా మేనేజరు అతని ఇంటికి ఫోను చేసింది. తలుపు తెరిచే ఉంది గనక సూపర్వైజరుకు అంతా వినిపిస్తూనే ఉంది.

“అమ్మా, మీవారి దగ్గు గురించి... అవునమ్మా, దగ్గు... ఇంట్లో అసలు దగ్గరా? ఒక్కసారి కూడానా?” ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి డాక్టరుతో అంది, “పాపం, ఇంట్లో దాస్తున్నాడండీ. ఎంత ఓర్చుకుంటున్నాడో!”

భార్య వచ్చేసరికి చేతిలో దుప్పటి, ఫ్లాస్కు, దువ్వెన, రెండు జతల బట్టలు కుక్కిన సంచీ ఉన్నాయి. ఆసుపత్రికే ప్రయాణమని అనుకున్నట్టుంది. వస్తూనే సంచీ నేలమీద పడేసింది.

“ఏమండీ, నేనేం పాపం చేశాను?”

“నువ్వేం చేశావే...”

“పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నా దగ్గర ఒక్కసారైనా దగ్గారా? ఊళ్ళోవాళ్ళందరి దగ్గరా దగ్గుతున్నారట. ఫోన్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర దగ్గుతున్నారట. పరాయివాళ్ళకున్న పాటి చనువు నాకు లేదా? ఏం, నేను కాస్త వేణ్ణీళ్ళు కాచి ఇవ్వలేనా?”

“అది కాదే...”

“దాచకండి! పొద్దున ఆ కుర్చీ కోసం మొక్కుకున్నాను చూశారూ, నాదే బుద్ధి తక్కువ. మనిషి బాగుంటే చాలని మొక్కుకోవాల్సింది.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మందు చల్లేవాళ్ళలో ఒకడు కూడా ముఖానికున్న గుడ్డతో కళ్ళు తుడుచుకుని, మందు ఘాటుకు గట్టిగా తుమ్మాడు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

లోపల పిల్లలు ముగ్గురూ తమ బల్లల మీది సామాను సర్దుకుంటున్నారు. కళ్ళజోడమ్మాయి తన నీళ్ళ సీసా, ఒక చిన్న దువ్వెన సంచీలో వేసుకుంది. సూపర్వైజరు బల్ల మీద చెదిరి ఉన్న కాగితాలు చూసి, వాటిని కూడా అంచులు కలిపి సర్దిపెట్టింది. గడప దగ్గర ఆగి, “ఉంటానండీ గురువుగారూ. ఆరోగ్యం జాగ్రత్త,” అంది. ‘చెప్తానన్నారు కదా’ అని మాటల్లో గానీ, చూపులో గానీ అనలేదు.

“ఆగమ్మా,” అన్నాడు సూపర్వైజరు. “మేడం, నాకు రోగమేమీ లేదు. ఈ పిల్లలకి అసలే లేదు.”

“మీరు మాట్లాడకండి, ఆయాసం—”

“ఆయాసం రాదు మేడం. నాకు ఇంగ్లీషు రాదు.”

మందు పిచికారీ గొట్టం చివర్నించి చుక్కలు పడుతున్న శబ్దం కూడా వినిపిస్తోంది.

“మొత్తం రాదని కాదు. యాంగ్రీ దాకా వస్తుంది. గుడ్ దాకా వస్తుంది. ఆ తర్వాత అతికించాల్సిన చిన్న మాట ఉంటుందే, అది ఎప్పుడూ సరిగ్గా రాలేదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని అక్కడికి రాగానే దగ్గేవాణ్ణి. చాలా ఏళ్ళనుంచీ ఇదే పని. వీళ్ళు నన్ను చూసి నేర్చుకున్నారు. పొద్దున వీళ్ళు దగ్గుతుంటే నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఇంతసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. మీరనుకున్నట్టు అది దగ్గు కాదు మేడం. సిగ్గు.”

అతని చెవులు ఎర్రబడి కాలిపోతున్నాయి. తలెక్కడ పెట్టుకోవాలో తెలియక గోడమీది లిఫ్టు గుండీలు చూస్తూ నిలబడ్డాడు. కిందికి వెళ్ళే బాణం గుర్తు నొక్కితే నేల తెరుచుకుంటే బాగుండుననిపించింది.

“ఏ మాట?” అని అడిగింది మేనేజరు చివరికి, కొంచెం అర్థం కానట్టుగా. “అంటే, ఉదాహరణకి?”

“ఉదాహరణకి... అఫ్రెయిడ్ తర్వాత ఏమిటి?” ఆ ప్రశ్నను అతను ఒక మనిషితో అనడం బతుకులో అదే మొదలు. గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

“ఆఫ్ అండీ,” అంది గడప దగ్గర్నుంచి కళ్ళజోడమ్మాయి.

అతను మెల్లగా వెనక్కి తిరిగాడు.

“నీకు తెలుసా?”

“బడిలో చెప్పారండీ. అఫ్రెయిడ్ ఆఫ్, గుడ్ ఎట్, సారీ ఫర్. మనుషుల మీదైతే యాంగ్రీ విత్.”

“మరి... మరి నువ్వెందుకు దగ్గావమ్మా?”

ఆ పిల్ల ఇబ్బందిగా సంచీ భుజం మార్చుకుంది. “మీరు దగ్గేవారు కదండీ. బడిలో చెప్పింది తప్పేమోననుకున్నాను.”

అంతకుముందు దాకా సూపర్వైజరు సిగ్గంటే ఇదే కాబోలనుకుంటూ వచ్చాడు. ఈ మాట విన్నాక, ఇన్నాళ్ళూ తను పడ్డది సిగ్గే కాదని తెలిసింది. పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. అది కిటికీ పక్క మెత్త కుర్చీ అని గుర్తొచ్చి మళ్ళీ లేచి నిలబడ్డాడు.

మేనేజరుకు కోపం రావడానికి కొంత సమయం పట్టింది, వచ్చాక మాత్రం నిండుగా వచ్చింది. “నేను పెద్దసారుకి రోగమని చెప్పాను. ఊరంతా లిఫ్టులు ఆపించాను. ఈ గదిలో ఒక్క ఫైలు పొడిగా లేదు. ఇప్పుడు ఏం లేదని ఎవరు చెప్తారండీ? నేనా?” ఫోను అతని ముందుకు తోసింది. “మీరే చెప్పండి. ఆయనకి తెలుగు రాదు.”

ఫోను అందరికీ వినపడేట్టు పెట్టారు. అవతల పెద్దసారు హలో అన్నాడు. సూపర్వైజరు చొక్కా సర్దుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. “సర్, దేర్ ఈజ్ నో డిసీజ్. బాయ్స్ ఆర్ ఫైన్. గర్ల్ ఈజ్ ఫైన్. సర్, ఐ యామ్ అషేమ్డ్...”

ఆగాడు. అలవాటుగా గొంతులో దురద బయల్దేరింది. గదిలో అందరూ ముందుకు వంగారు. డాక్టరు చెయ్యి తెలియకుండానే గొట్టం మీదికి పోయింది. సూపర్వైజరు గుటక వేసి దురదను కిందికి మింగేశాడు. దగ్గు రాలేదు, మాట కూడా రాలేదు. హలో, హలో అంటున్నాడు పెద్దసారు.

“ఆఫ్,” అంది వెనకనుంచి సన్నటి గొంతు.

“...ఆఫ్ మై ఇంగ్లీష్, సర్. ఐ కాఫ్డ్. దే లెర్న్డ్. దట్స్ ఆల్.”

సూపర్వైజరు మనసులో ఉద్యోగానికి నీళ్ళొదిలేసి, భార్యకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు. చివరికి పెద్దసారు, “ఓకే. స్టార్ట్ ద లిఫ్ట్స్,” అని పెట్టేశాడు. ఆయనకు సూపర్వైజరు ఇంగ్లీషుతో ఎన్నడూ పనిలేదు, లిఫ్టులతోనే పని.

సాయంత్రానికి పిల్లలు ముగ్గురికీ ఉద్యోగాలు ఖాయమయ్యాయి. కుర్చీ మాట మేనేజరు ఎత్తలేదు. సూపర్వైజరే ఎత్తాడు.

“ఆ అమ్మాయిని కూర్చోబెట్టండి మేడం. మొదటి విద్యార్థిగా నన్ను రాసుకోమనండి.”

“అయ్యో, మీరుండగా నేనా గురువుగారూ!”

“ఆ పిలుపు ఇక మానెయ్యమ్మా. ముల్లులా గుచ్చుకుంటోంది.”

మానెయ్యడానికి ఆ పిల్ల ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్తున్నారు. సంచీ అతను మోస్తున్నాడు. వీధి మలుపు తిరిగాక ఆవిడ ఆగింది.

“ఏమండీ, పాప బడిలో తల్లిదండ్రుల మీటింగంటే చాలు, డ్యూటీ ఉంది, డ్యూటీ ఉంది అని ఏటా నన్నే తోలేవారు. ఇందుకేనా?”

“ఊఁ.”

“అక్కడ ఇంగ్లీషులో అడుగుతారని?”

“ఊఁ.”

“మీకే రాని ఇంగ్లీషు నాకొచ్చనుకున్నారా?”

అతను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“ఒక్కసారైనా మీరు వెళ్ళండి అని ఎన్నిసార్లు బతిమాలుంటాను? బాకీ ఉన్నారు మీరు నాకు,” అంది ఆవిడ. “ఈ వారం చివర మీటింగుంది. నేను రాను.”

ఆ వారమంతా అతను కిటికీ పక్క కుర్చీ ఎదురుగా నిలబడి పాఠం చెప్పించుకున్నాడు. ప్రౌడ్ ఆఫ్. వీక్ ఇన్. గ్రేట్‌ఫుల్ టు. మెట్లెక్కుతూ ఒక్కో మెట్టుకూ ఒక్కోటి వల్లెవేశాడు. మీటింగు రోజు మళ్ళీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దేవుడికి దండం పెట్టుకుని, దారి పొడవునా పెదాలు కదుపుతూ బడికి వెళ్ళాడు. పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. టీచరమ్మ అతన్ని పిలిచింది. అతను లేచి, గొంతు సవరించుకోకుండానే, “గుడ్ మార్నింగ్ మేడం. ఐ యామ్ ద ఫాదర్. ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు—”

“పాప వాళ్ళ నాన్నగారా? రండి రండి, కూర్చోండి. ఇన్నాళ్ళకి చూశాం మిమ్మల్ని. తెలుగులోనే మాట్లాడండి, ఇక్కడ అందరం తెలుగులోనే మాట్లాడుకుంటాం.”

“తెలుగులోనా? ఎప్పట్నుంచండీ?”

“మీ ఆవిడ మొదటిసారి వచ్చినప్పట్నుంచీనండీ. నిండు గదిలో లేచి, ‘అమ్మా, నాకు ఇంగ్లీషు రాదు, నా కూతురి సంగతి నాకు తెలిసేట్టు చెప్పండి’ అన్నారు. గదిలో సగం మంది హమ్మయ్య అనుకున్నారు. అందులో నేనూ ఒకదాన్ని లెండి.” టీచరమ్మ నవ్వి కాగితం ముందుకు జరిపింది. “పాప చక్కగా చదువుతోంది. ఒక్కటే ఫిర్యాదు. ఏదైనా అర్థం కాకపోతే ఊరుకోదండీ. తెలిసేదాకా అడిగి అడిగి చంపుతుంది.”

“తల్లి పోలికండీ,” అని అతను ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న ‘తండ్రి’ గడిలో సంతకం పెట్టాడు.